సానరాయికీ నీళ్లు కావాలి



ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆదివారం గురుముఖి పాఠం అయ్యాక కొందరు తల్లులు ఆగి మాతో మాట్లాడతారు. "కేశాలు కత్తిరించుకొచ్చాడు." "బడి మానేస్తానంటున్నాడు." చివరికి అందరిదీ ఒకటే ప్రశ్న: "మా పెంపకంలోనే లోపముందా, జ్ఞానీజీ?"

ఆ బరువు మాకూ తెలుసు. ఒక కుర్రవాడు సంగత్‌కు రావడం మానేసినప్పుడు మాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ కోపం మిగతా పిల్లల మీద చూపించాము. అది మా తప్పే.

సాఖీ

ఆనంద్‌పూర్ సాహిబ్ విడిచాక, సర్సా నది దగ్గర గురు గోబింద్ సింగ్‌జీ కుటుంబం చెదిరిపోయింది. మాతా గుజ్రీజీ ఇద్దరు మనవలతో సర్హింద్‌లోని ఠండా బుర్జ్‌లో బందీ అయ్యారు. జోరావర్ సింగ్‌జీ 1696లో, ఫతే సింగ్‌జీ 1699లో పుట్టినవారు. ఇద్దరికీ పదేళ్లు నిండలేదు. పగలు వజీర్ ఖాన్ కచేరీలో బెదిరింపులు, రాత్రి పోహ్ మాసపు చలి. భర్త గురు తేగ్ బహాదూర్‌జీ 1675లోనే శహీదయ్యారు. కొడుకు దగ్గర లేరు. అయినా ఆ నాయనమ్మ పిల్లలకు ధైర్యం చెప్పి పంపేవారు.

ఆ రాత్రుల్లో బాబా మోతీ రామ్ మెహ్రా ప్రాణాలకు తెగించి పాలు తెచ్చి ఇచ్చారని మన సంప్రదాయం చెబుతుంది. మాతాజీ వద్దనలేదు. అంతటి తల్లికీ ఒకరి సాయం అందింది.

సాహిబ్‌జాదాలు శహీదయ్యారు. మాతాజీ కూడా అక్కడే ప్రాణం విడిచారు. 2022 నుంచి డిసెంబరు 26న దేశమంతా వీర్ బాల్ దివస్ జరుపుతున్నారు.

మన పాఠం

మన పెద్దలు కత్తికి సాన పట్టేటప్పుడు రాయి మీద నీళ్లు చల్లుతారు. పొడిగా గట్టిగా పడితే అంచు వేడెక్కి, పదును నిలవదు. అలసిపోయిన తల్లి కోపంలోనూ బిడ్డ అలాగే చెడతాడు. తనను తాను చూసుకోవడం స్వార్థం కాదు, అదీ పిల్లల సేవే.

ఇంట్లో చేయవలసినవి

1. రాత్రి కోపం వస్తే రాత్రే తీర్పు చెప్పకండి. ముందు సోహిలా పాఠ్ చేయండి, మాట పొద్దున్నే మాట్లాడండి.
2. బరువంతా తల్లి మీదే వేయకండి. తండ్రి, తాత, మేనమామ తలా ఒక పూట పంచుకోండి.
3. పరువు పోతుందని దాచకండి. సంగత్‌లో నమ్మకమైన ఒకరికి చెప్పండి.
4. అర్దాస్‌లో పిల్లల పేరుతోపాటు మీ ఓర్పు కోసం కూడా అడగండి.

ఆలోచించండి: ఈ వారం మీ వీధిలో ఏ తల్లికి మీరు మోతీ రామ్‌జీలా ఒక గిన్నె పాలు కాగలరు?

భూల్ చూక్ క్షమించండి.