సర్వర్ మార్చాలి, సేవ ఆగకూడదు

దాళ్వా కోతలయ్యాక గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడానికీ, లాకులు బాగుచేయడానికీ అదే అదను. కానీ తేదీ ముందే చెప్పి, ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకోనిచ్చాకే నీళ్లు ఆపుతారు. సర్వర్ అప్‌గ్రేడ్ చేసేవాళ్లకూ మొదటి పాఠం ఇదే.

ఉదాహరణకు, 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. నాలుగింటికీ స్పాన్సర్ బ్యాంకులు వేరు. బోర్డు మార్చడం ఒక పూట పని. పొదుపు ఖాతాలు, పంట రుణాలు, డిపాజిట్లు పైసా తేడా లేకుండా ఒకే వ్యవస్థలోకి చేర్చడం అసలు పని. ఇలాంటి పనికి ఒకటో తారీఖు పెట్టుకోకూడదు, పింఛన్లూ జీతాలూ పడే రోజు కదా! ధాన్యం డబ్బులు పడే వారాలూ వద్దు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు లినక్స్ ఎంత తెలియాలో, జనం అవసరాలూ అంతే తెలియాలి.

నెలకు 99.9 శాతం అందుబాటు అని మాటిస్తే, సేవ ఆగడానికి మిగిలేది దాదాపు 43 నిమిషాలే.

డిప్లొమా, బీఎస్సీ కంప్యూటర్స్, బీటెక్... ఏది చదివినా సేవ ఆపకుండా సర్వర్ మార్చే సాధన ఇంట్లోనే చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి మూడు చిన్న లినక్స్ మెషిన్లు పెట్టండి. రెండింటిలో ఒకే వెబ్ పేజీ, మూడోదానిలో లోడ్ బ్యాలెన్సర్‌గా హెచ్‌ఏప్రాక్సీ. పక్క విండోలో సెకనుకోసారి కర్ల్‌తో పేజీని అడుగుతూ ఉండండి. ఇప్పుడు ఒక సర్వర్‌ను వరసలోంచి తప్పించి, దానిమీదున్న కనెక్షన్లు ముగిసేదాకా ఆగి, అప్‌డేట్ చేసి, పరీక్షించి, మళ్లీ చేర్చండి. తర్వాత రెండోది. తెరమీద పేజీ సరిగా అందిందని చెప్పే 200 కోడ్ ఒక్కసారీ తప్పకపోతే పని వచ్చినట్టే.

డేటాబేస్ ఇంత తేలిగ్గా లొంగదు. పాత ప్రోగ్రామ్, కొత్త ప్రోగ్రామ్ కొంతకాలం ఒకే టేబుల్‌ను వాడాలి. అందుకే కొత్త కాలమ్ ముందు చేర్చి, పాతది చాలా రోజుల తర్వాత తీసేస్తారు. బ్యాకప్ తీశామంటే చాలదు, దాన్ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చూసుకోవాలి.

సర్టిఫికెట్ కావాలనుకుంటే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మంచిది. అందులో బిట్లు పెట్టడం ఉండదు, మెషిన్ మీద చేసి చూపించాలి. ఈ ఉద్యోగంలో రాత్రి షిఫ్టులు తప్పవు, అందుకు ఇంట్లోవాళ్లను ముందే సిద్ధం చేయండి.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు మీరు చేసిన అప్‌గ్రేడ్‌ను ఒక పేజీలో రాయండి: ఏ గంటకు మొదలు, ఎవరికి కబురు, ఏది చెడితే ఎన్ని నిమిషాల్లో పాత స్థితికి వెళ్తారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు గట్టిగా చెప్పగలిగేలా తయారవండి.