చెవికో పరీక్ష, కంటికో పరీక్ష

చైనా, హాంగ్‌కాంగ్ హైస్కూలు పిల్లల ఇంగ్లీషు పరీక్షల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే సంగతి చాలామంది అడిగినచోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను. పేర్లు వేయలేదు.

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. నేను విజయవాడలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. మా తమ్ముడు వూహాన్‌లో ఎంబీబీఎస్ చదివాడు. అక్కడి అతని స్నేహితుడి చెల్లెలు వచ్చే జూన్‌లో గావోకావో, అంటే చైనా కాలేజీ ప్రవేశ పరీక్ష, రాస్తుంది. మాక్ టెస్టుల్లో రీడింగ్‌లో 50కి 45 తెచ్చుకుంటోంది, లిజనింగ్‌లో మాత్రం 30కి 18 దగ్గరే ఆగిపోతోంది. వీడియో కాల్‌లో సాయం చేస్తానని మాటిచ్చాను. చదివితే ఇంత బాగా అర్థమయ్యే పిల్లకు వింటే ఎందుకు అర్థం కాదు? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ రెండు అంకెల్నీ విప్పి చూడండి. గావోకావో ఇంగ్లీషు పేపరు 150 మార్కులకు, రెండు గంటలు. లిజనింగ్‌లో 20 బిట్లు, బిట్టుకు ఒకటిన్నర మార్కు. రీడింగ్‌లోనూ 20 బిట్లే, బిట్టుకు రెండున్నర. అంటే ఆ అమ్మాయి రీడింగ్‌లో 18, లిజనింగ్‌లో 12 సరిగ్గా పెడుతోంది. ఇంకో సంగతి ఉంది. లిజనింగ్ బిట్టుకు ఉండేవి మూడే ఆప్షన్లు. ఏమీ వినకుండా పెట్టినా మూడింట ఒకటి తగులుతుంది. నిజంగా 8 బిట్లు తెలిసి, మిగతా 12 ఊహించి పెట్టినా అందులో 4 తగిలి మొత్తం 12 అవుతాయి. కాబట్టి 18 మార్కులు సగం పైన కనిపిస్తున్నా, ఆమె చెవికి అందుతున్నది సగం లోపే అయి ఉండొచ్చు.

తర్వాత ఒక పాత మాక్ టెస్టు ఆడియో వినిపించి జవాబులు పెట్టించండి. అయ్యాక ఆ ఆడియో స్క్రిప్టు చేతికిచ్చి అవే బిట్లు మళ్లీ చేయించండి. స్క్రిప్టు చూసి అన్నీ సరిగ్గా పెట్టిందా, లోపం భాషది కాదు, చెవిది. స్క్రిప్టు చూసి కూడా తప్పిందా, ప్రశ్న దగ్గరో ఆప్షన్ల దగ్గరో తడబడుతోందన్నమాట. ఇది తేల్చుకోకుండా రోజూ గంటలకొద్దీ ఆడియోలు వినిపించడం దండగ. కోచింగులన్నీ చేసే పని అదే అనుకోండి.

చెవి లోపమే అయితే కారణాలు వాళ్ల భాషలోనే దొరుకుతాయి. మాండరిన్‌లో మాట చివర వచ్చే హల్లులు అనునాసికాలు రెండూ, కొన్నిచోట్ల ర లాంటి ధ్వనీ, అంతే. ఇంగ్లీషులో మాట చివరి ట్, డ్, స్‌లు ఆ పిల్లల చెవిని తప్పించుకుపోతాయి. ఇంగ్లీషు క్రియలో కాలమూ నామవాచకంలో బహువచనమూ సాధారణంగా కూర్చునేది ఆ చివరే. ‘అతడు’, ‘ఆమె’ చైనీస్‌లో రాతలో వేరు, పలకడంలో ఒకటే. సంభాషణలో ఒక మగ, ఒక ఆడ మాట్లాడుకుంటూ మూడో మనిషి ప్రస్తావన తెస్తే ఎవరి గురించి ఏమన్నారో కలగాపులగమవుతుంది. ఇక అంకెలు. వాళ్లు పెద్ద సంఖ్యల్ని పదివేల చొప్పున కట్టి లెక్కపెడతారు, మనం లక్షలు, కోట్ల చొప్పున. మిలియన్ అని వినబడగానే మనం క్షణం ఆగి పది లక్షలని మార్చుకుంటాం కదా, వాళ్లకూ అదే ఇబ్బంది. ఆ క్షణంలో తర్వాతి వాక్యం వెళ్లిపోతుంది.

పేపరులో మొదటి 5 చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు. తర్వాతి 5 పొడుగువి, రెండేసిసార్లు. తప్పులు ఎక్కడ గుంపుకడుతున్నాయో గీత గీసి చూడండి. మొదటి ఐదులో ఎక్కువైతే డిక్టేషన్ మందు. పది పన్నెండు సెకన్ల ముక్క వినిపించి ఉన్నదున్నట్టు రాయించండి, నాలుగుసార్ల వరకు తిప్పి వేయండి, ఆ తర్వాతే స్క్రిప్టు చూపించండి. ఏ మాటలు ఎగిరిపోయాయో ఆమే ఎర్రపెన్నుతో దిద్దుకోవాలి. రోజుకు పావుగంట చాలు. తప్పులు పొడుగువాటిలో ఎక్కువైతే, ఆడియో మొదలయ్యే ముందు దొరికే సెకన్లలో బిట్లు చదివి ఏం వినాలో నిర్ణయించుకోవడం నేర్పండి.

అన్నట్టు, ఆ పేపరు మొదట్లో ఒక నమూనా బిట్టు ఉంటుంది: చొక్కా ధర ఎంత? జవాబు 9 పౌండ్ల 15 పెన్స్. ఏళ్ల తరబడి అదే చొక్కా, అదే ధర. చైనాలో చదువుకున్న పిల్లలకు ఇది కంఠతా వచ్చు, దానిమీద జోకులు కూడా ఉన్నాయి. మీ శిష్యురాల్ని అడగండి, నవ్వుతుంది. మొదటి క్లాసుకు మంచి ఆరంభం.

ప్రశ్న: అమ్మా, మేం హాంగ్‌కాంగ్‌లో స్థిరపడ్డాం. మా అమ్మాయి లోకల్ స్కూల్లో చదువుతోంది, హైస్కూలు చివర డీఎస్‌ఈ పరీక్ష రాయాలి. లిజనింగ్ పరీక్షకు రేడియో కొనమంటున్నారు. ఈ రోజుల్లో రేడియో ఏమిటండీ? అదీగాక పార్ట్ బి-1 తీసుకుంటే సులువని స్నేహితులు చెబుతున్నారట.

జవాబు: రేడియో కొనండమ్మా. 2012లో డీఎస్‌ఈ మొదలైనప్పటి నుంచీ ఇంగ్లీషు లిజనింగ్ చాలా కేంద్రాల్లో రేడియో ప్రసారంగానే వస్తోంది, పిల్లలు సొంత రేడియో, ఇయర్‌ఫోన్‌లతో వింటారు. ఫోన్ పనికిరాదు. కొన్న రేడియోతో నెలల ముందు నుంచే ఇంట్లో వార్తలు వినమనండి. ఆ గరగర శబ్దానికి చెవి అలవాటుపడాలి. కొత్త బ్యాటరీలు, ఇంకో జత ఇయర్‌ఫోన్‌లు సంచిలో ఉండాలి.

బి-1 సంగతికి వస్తే, సులువే. కానీ ఆ పేపరులో ఎంత బాగా రాసినా లెవెల్ 4 దాటదు. రీడింగ్ పేపరుకూ ఇదే నిబంధన. పిల్ల స్థాయి 4 దగ్గర ఊగుతుంటే బి-1 తీసుకోవడంలో తప్పులేదు. అంతకంటే పైనుంటే కష్టమైన బి-2 వదులుకోవడం నష్టం. పాత పేపర్లు రెండు రకాలుగానూ చేయించి చూడండి, స్నేహితుల మాట పక్కన పెట్టండి.

ఈ పేపరు పేరుకు లిజనింగే గాని, వినడం సగమే. పార్ట్ బిలో చేతికొక ఫైలు ఇస్తారు, అందులో ఈమెయిళ్లు, నోటీసులు, పట్టికలు ఉంటాయి. విన్నదీ చదివిందీ కలిపి ఉత్తరమో నివేదికో రాయాలి. అందుకే ‘ఇంటిగ్రేటెడ్ స్కిల్స్’ అని చేర్చి మొత్తంలో 30 శాతం ఇచ్చారు. విడిగా రీడింగ్‌కు 20 శాతమే. మార్కు తగ్గితే వినడం రాలేదని వెంటనే అనకండి, రాయడం దగ్గర పోయిందేమో చూడండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఇంగ్లీషు బోధన మీద పరిశోధన చేస్తున్నాను. చైనాలోని ఒక స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు లిజనింగ్, రీడింగ్ టెస్టు పెట్టి రెంటినీ పోల్చాలని ఉద్దేశం. పేపరు నేనే తయారుచేయాలి. సలహా ఇవ్వండి.

జవాబు: మీ ఉత్తరం చూసి సంతోషం వేసింది, భయమూ వేసింది. పేపరు తయారుచేయడం అందరూ అనుకునేంత తేలిక కాదు.

ప్రతి బిట్టునూ పట్టుకుని ఒకటే అడగండి: ఈ జవాబు రావాలంటే పిల్లవాడు నిజంగా ఏ పని చేయాలి? లిజనింగ్ బిట్టుకు మూడు లైన్ల ప్రశ్న, ఒక్కొక్కటీ లైనుడు ఆప్షన్లు ఇచ్చారనుకోండి, మీరు కొలుస్తున్నది చదివే వేగాన్ని. రీడింగ్ జవాబును పూర్తి వాక్యంలో రాయమని స్పెల్లింగుకు మార్కు కోస్తే మీరు కొలుస్తున్నది రాతను. ఆ తర్వాత రెండు నైపుణ్యాల మధ్య తేడా ఇంత అని థీసిస్‌లో పట్టిక వేస్తే దానికి అర్థం లేదు. ఎనిమిదో తరగతికైతే ప్రశ్నలు చైనీస్‌లో ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. అక్కడి పరీక్షల్లో ఇంగ్లీషులోనే ఇస్తారు, మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు. కనీసం చిన్న మాటల్లో ఇవ్వండి.

పదాల హద్దు ముందే గీసుకోండి. 2022 నాటి చైనా సిలబస్ ప్రకారం తొమ్మిదో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు 1,600 మాటలు రావాలి. మీ పిల్లలు ఒక ఏడాది వెనక ఉన్నారు. వాళ్ల పాఠ్యపుస్తకం చివర ఉండే పదాల పట్టిక తెప్పించుకోండి.

పాసేజీలు చిన్నవి నాలుగైదు తీసుకోండి, పొడుగుది ఒక్కటే పెట్టొద్దు. ఒకే పాసేజీ అయితే ఆ విషయం ముందే తెలిసిన పిల్లవాడు గెలిచేస్తాడు. సంక్రాంతి ముగ్గుల మీద పాసేజీ మీకు ముచ్చటగా ఉండొచ్చు, అక్కడి పిల్లకు అది అడ్డు. వాళ్ల వసంతోత్సవం మీద పెడితే చదవకుండానే జవాబు పెట్టేస్తారు. రెండూ వద్దు.

చదవకుండా పెట్టేస్తారన్నాను కదా, దాన్ని పరీక్షించండి. పాసేజీ తీసేసి బిట్లు మాత్రమే పదిపదిహేను మందికి ఇవ్వండి. మూడు ఆప్షన్ల బిట్టుకు మూడోవంతు కంటే బాగా ఎక్కువమంది సరైన జవాబు పెడితే ఆ బిట్టు రీడింగ్‌ను కొలవడం లేదు, కొట్టేయండి. నా అనుభవంలో కొత్తవాళ్ల పేపర్లలో ఈ జల్లెడలో రాలిపోయే బిట్లు బాగానే ఉంటాయి. నాలుగో ఆప్షన్ కోసం తంటాలు పడకండి. మూడు నమ్మదగినవి ఉంటే చాలు, నాలుగోది సాధారణంగా ఎవరూ పెట్టరు.

లిజనింగ్‌కు పత్రికా వ్యాసం తీసుకుని గట్టిగా చదివించడం పెద్ద పొరపాటు. అది చదువుకోవడానికి రాసింది. మాట్లాడే ఇంగ్లీషులో వాక్యాలు పొట్టిగా ఉంటాయి, చెప్పిందే మళ్లీ చెబుతాం, మధ్యలో ఆగుతాం. సంభాషణకు ఒక మగగొంతు, ఒక ఆడగొంతు పెట్టండి, ఎవరు ఎవరో తేలిగ్గా తెలుస్తుంది. బిట్ల వరుస ఆడియో వరుసలోనే ఉండాలి. ఒక బిట్టు జవాబు మీద ఇంకో బిట్టు ఆధారపడకూడదు. రెండు పేపర్లనూ పోలుస్తానన్నారు కాబట్టి వాక్యాల కష్టం, మాటల కష్టం రెండింటిలో దగ్గరగా ఉంచండి. ఇక్కడ ఇంకొకటి. చైనీస్‌లోనూ మన తెలుగులోలాగే విశేషణ వాక్యం నామవాచకానికి ముందొస్తుంది, ఇంగ్లీషులో వెనకొస్తుంది. అలాంటి పొడుగు వాక్యాన్ని రీడింగ్‌లో వెనక్కెళ్లి మళ్లీ చదువుకోవచ్చు, లిజనింగ్‌లో కుదరదు. రెండు పేపర్లలోనూ అలాంటి వాక్యాలు కొన్ని కావాలనే పెడితే మీ పరిశోధనకు అసలు సరుకు దొరుకుతుంది.

అసలు టెస్టుకు ముందు అదే స్థాయి పిల్లలతో ఒకసారి రాయించండి. అందరూ సరిగ్గా పెట్టిన బిట్టు, ఎవరూ పెట్టలేని బిట్టు మీకు ఏమీ చెప్పవు. బాగా వచ్చే పిల్లలు తప్పి, రాని పిల్లలు పెట్టిన బిట్టు ఉంటే ముందు కీ చూసుకోండి. సాధారణంగా తప్పు అక్కడే ఉంటుంది.

చివరిగా అనుమతులు. చైనాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2021 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి, మీ పిల్లల్లో చాలామంది ఆ వయసువాళ్లే. సమాచారం దేశం దాటించడానికి వేరే నిబంధనలున్నాయి. పేర్లు తీసుకోకండి, అంకెలతో నడిపించండి. స్కూలు నుంచి రాతపూర్వక అనుమతి వచ్చాకే టికెట్ కొనుక్కోండి.

ప్రశ్న: గావోకావో కష్టమా, జేఈఈ కష్టమా?

జవాబు: రెంటికీ పోలిక లేదు బాబూ. 2024లో గావోకావోకు 1 కోటి 34 లక్షల 20 వేలమంది నమోదయ్యారు, వాళ్లలో చాలామందికి భాషలు కూడా మార్కులే. జేఈఈలో భాషే లేదు.

ప్రశ్న: చైనాలో ఇంగ్లీషు తీసేస్తున్నారని వాట్సాప్‌లో వస్తోంది. నిజమేనా?

జవాబు: కాదు. 2013లో బీజింగ్‌లో ఇంగ్లీషును 150 నుంచి 100 మార్కులకు తగ్గించాలని ఒక ముసాయిదా వచ్చింది, అమలుకాలేదు. 2021లో షాంఘై ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లీషు టర్మ్ పరీక్ష మానేసింది, పాఠం మానలేదు. అదే ఏడాది ట్యూషన్లపై ఆంక్షలు పెట్టి, దేశం బయట కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పే విదేశీ టీచర్లను కంపెనీలు పెట్టుకోకూడదన్నారు. ఈ మూడూ కలిసి మీ ఫోన్లోకి వచ్చేసరికి ‘తీసేశారు’ అయింది. గావోకావోలో చైనీస్, లెక్కలతో సమానంగా ఇంగ్లీషు ఇప్పటికీ 150 మార్కులే.

ప్రశ్న: అనంతపురం జిల్లాలో జెడ్పీ హైస్కూలు ఇంగ్లీషు టీచర్ని. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షలో లిజనింగ్ లేదు. చైనాలో అంతమందికి పెడుతున్నప్పుడు మనం ఎందుకు పెట్టలేం?

జవాబు: పెట్టలేమని కాదు మాస్టారూ, పెట్టడానికి వాళ్లు ఏమేం చేస్తారో చూడండి. ఇంగ్లీషు పరీక్ష మధ్యాహ్నం 3 గంటలకు. 2:45 దాటి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు, ఎందుకంటే ఆడియో మొదలయ్యాక తలుపు తీస్తే గది మొత్తానికి నష్టం. కేంద్రాల చుట్టూ హారన్లు, భవన నిర్మాణ పనులు ఆపిస్తారు. అయినా కొన్ని ప్రావిన్సుల్లో కొన్నేళ్లపాటు లిజనింగ్ మార్కుల్ని మొత్తంలో కలపలేదు. పల్లె స్కూళ్లకు, నగరాల స్కూళ్లకు మధ్య తేడా అంత ఉంది. గ్వాంగ్‌డాంగ్ 2011 నుంచి వినడం, మాట్లాడటం కలిపి కంప్యూటర్ ముందు పెడుతోంది. జెజియాంగ్‌లో ఇంగ్లీషు ఏడాదికి రెండుసార్లు రాయనిస్తారు. 2018 నవంబరులో ఆ పేపరు కష్టమైందని మార్కుల్ని లెక్కగట్టి సర్దబోయి, తల్లిదండ్రుల ఆగ్రహం తర్వాత ఆ సర్దుబాటు రద్దు చేసి అసలు మార్కులే ఇచ్చారు.

మన దగ్గర తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 2023–24 నుంచి ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. పబ్లిక్ పరీక్షలో పెట్టేదాకా ఆగనక్కర్లేదు. మీ క్లాసులో నెలకొకసారి ఫోనూ చిన్న స్పీకరూ పెట్టి, మూడు నిమిషాల ఆడియో, మూడేసి ఆప్షన్లతో ఐదు బిట్లు చాలు. మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించకండి. బిట్లు, పిల్లలు పెట్టిన జవాబులు నాకు పంపండి, ఏ బిట్టు ఎందుకు పనిచేయలేదో వచ్చే నెల ఇక్కడే రాస్తాను.