చదివినది నిలవాలంటే, వ్రాసినది నిలబడాలంటే
మనస్తత్వశాస్త్ర విద్యార్థికి ఆంగ్లము, అధ్యయన పద్ధతి

గణితం చదివే విద్యార్థికి సమీకరణం వచ్చినట్లయితే, భాష కొంత తడబడినా పని గడిచిపోతుంది. మనస్తత్వశాస్త్రంలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ భాషయే తూకపురాయి. మనిషి భయాన్ని, కోరికను, మరపును నిర్వచించేది మాటలే. ఆ మాట ఒక వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినా సిద్ధాంతం మారిపోతుంది. అందుకనే స్వదేశంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులై అమెరికా విశ్వవిద్యాలయానికి వచ్చిన విద్యార్థులు కూడా ఈ శాస్త్రంలో తొలి సెమిస్టరులో తల్లడిల్లడం కద్దు.

ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. విశాఖపట్టణంలో బి.ఏ. ముగించి ఇక్కడకు వచ్చింది. మొదటి వ్యాసం కోసం పాఠ్యగ్రంథాన్ని నాలుగుసార్లు చదివి, ముఖ్యవాక్యాలను కంఠస్థం చేసి, వాటినే అక్షరం పొల్లుపోకుండా వ్యాసంలో పొందుపరచింది. పెద్దల మాటను మార్చకుండా అప్పగించడమే గౌరవమని ఆమె నేర్చుకొన్న సంస్కారం. వారం తిరగకముందే ఆచార్యుని నుండి పిలుపు వచ్చింది. అభియోగం గ్రంథచౌర్యం. ఆ రాత్రి ఇంటి నుండి ఫోను వచ్చినపుడు "చదువు బాగానే సాగుతున్నది నాన్నా" అని మాత్రమే చెప్పగలిగింది. విద్యార్థి వీసా పూర్తికాలపు చదువుతో ముడిపడి ఉంటుంది కనుక, ఇటువంటి అభియోగం రుజువై చదువు నిలిచిపోతే పోయేది మార్కులు మాత్రమే కాదు.

ఆమెలో లోపించినది తెలివి కాదు, శ్రమ అంతకన్నా కాదు. లోపించినది పద్ధతి. ఆ పద్ధతిని మాట, పఠనం, ధారణ, రచన, సంభాషణ అను అయిదు మెట్లుగా పరిశీలించవచ్చు.

పరిచితమైన మాట, అపరిచితమైన అర్థం

విద్యార్థిని మోసగించేది తెలియని మాట కాదు, తెలిసిందనుకొన్న మాట. తెలియని మాటకు నిఘంటువు ఉన్నది. తెలిసిన మాటను ఎవరూ వెతకరు.

'సిగ్నిఫికెంట్' అనగా వాడుకలో ముఖ్యమైనది. పరిశోధన పత్రంలో దాని అర్థం వేరు. రెండు వర్గాల మధ్య నిజంగా తేడాయే లేదనుకొంటే, ఇంతటి తేడా కేవలం యాదృచ్ఛికంగా కనిపించడం అరుదు అని మాత్రమే. ఆ అరుదుతనానికి నూటికి అయిదు అనే హద్దును పరిశోధకులు ఆచారంగా పాటిస్తున్నారు. కనుక అతి స్వల్పమైన తేడా కూడా సిగ్నిఫికెంట్ కావచ్చు; అది జీవితంలో ముఖ్యం కాకపోవచ్చు.

'నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్' అనే రుణాత్మక పునర్బలనాన్ని శిక్షగా భావించడం మరొక సాధారణ పొరపాటు. పునర్బలనం ఎప్పుడైనా ప్రవర్తనను పెంచేదే. బజారులో పిల్లవాడు చాక్లెట్టు కోసం ఏడుస్తాడు. తల్లి కొనిపెడుతుంది. ఏడుపు ఆగుతుంది. పిల్లవాడికి కోరినది లభించింది కనుక మరొకసారి ఏడుస్తాడు; ఇది ధనాత్మక పునర్బలనం. తల్లికి బాధించే శబ్దం తొలగిపోయింది కనుక మరొకసారి కొనిపెడుతుంది. ఇది రుణాత్మక పునర్బలనం. ఒకే సంఘటనలో ఇద్దరూ ఒకరికొకరు పాఠం నేర్పుకొన్నారు. ఇందులో శిక్ష ఎక్కడా లేదు.

అలాగే సహసంబంధం కార్యకారణ సంబంధం కాదు. విశ్వసనీయత వేరు, సప్రమాణత వేరు. ప్రతిసారీ రెండు కిలోలు ఎక్కువ చూపే త్రాసు విశ్వసనీయమే, ఎందుకంటే అది మాట మార్చదు. కాని దానికి సప్రమాణత లేదు. ఇటువంటి మాటలకు ఒక చిన్న పుస్తకం కేటాయించి, ఎడమవైపు వాడుక అర్థం, కుడివైపు శాస్త్రార్థం, క్రింద తన ఇంటి అనుభవం నుండి ఒక ఉదాహరణ వ్రాసుకొనడం ఉత్తమం. ఉదాహరణ తెలుగులో ఉన్నా దోషం లేదు.

శాస్త్రపదాలు గాక, అన్ని శాస్త్రాలలోనూ తరచుగా కనిపించే సామాన్య విద్యాపదాలు మరికొన్ని ఉన్నవి. న్యూజిలాండుకు చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో వీటిని 570 పదకుటుంబాలుగా క్రోడీకరించారు. విద్యాగ్రంథాలలోని మాటలలో సుమారు పదవ వంతు ఈ పట్టికలోనివే. రోజుకు అయిదు చొప్పున నేర్చినా నాలుగు నెలలలోపు ముగుస్తుంది.

పత్రాన్ని కథలాగా చదువరాదు

పరిశోధన పత్రానికి సంగ్రహం, ప్రస్తావన, పద్ధతి, ఫలితాలు, చర్చ అని అయిదు భాగాలు. దాని ఆకృతి ఢమరుకం వంటిది. ప్రస్తావన విశాలమైన ప్రశ్నతో మొదలై ఒక్క ప్రాక్కల్పన వద్దకు సన్నబడుతుంది. చర్చ ఆ ఒక్క ఫలితం నుండి తిరిగి విశాలమవుతుంది. ఈ ఆకృతి తెలియని విద్యార్థి మొదటి వాక్యం నుండి చివరి వాక్యం వరకు ఒకే వేగంతో చదివి, పద్ధతి భాగంలో చిక్కుకొని, అర్ధరాత్రికి విసిగి నిద్రపోతాడు.

అనుభవజ్ఞులు ముందు సంగ్రహం చదువుతారు. తరువాత ప్రస్తావనలోని చివరి పేరా చూస్తారు. పరిశోధకుల ప్రశ్న సాధారణంగా అక్కడే ఉంటుంది. పిమ్మట చర్చలోని మొదటి పేరా చూస్తారు; సమాధానం అక్కడ ఉంటుంది. ప్రశ్న, సమాధానం చేతికి వచ్చిన తరువాత పద్ధతి, ఫలితాలు చదివితే "ఈ సమాధానాన్ని నమ్మవచ్చునా?" అని పరీక్షిస్తూ చదవడం సాధ్యమవుతుంది. చదవడం ముగిసిన వెంటనే పత్రం మూసి, ప్రశ్న ఏమి, ఎవరిపై పరీక్షించారు, ఏమి కనుగొన్నారు, సందేహం ఎక్కడ అను నాలుగు విషయాలను నాలుగు వాక్యాలలో వ్రాయాలి. మూసి వ్రాయడంలోనే రహస్యమున్నది. అది తరువాతి మెట్టులో స్పష్టమవుతుంది.

మరపును గురించి శాస్త్రం చెప్పినది

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరకూటాలను తానే వల్లెవేసి, తన మరపును తానే కొలిచి, 1885లో గ్రంథంగా ప్రకటించాడు. ఒకసారి నేర్చినదానిని మరల నేర్చేటపుడు ఎంత శ్రమ ఆదా అవుతుందో అతని కొలబద్ద. 20 నిమిషాల తరువాత ఆ ఆదా సుమారు 58 శాతం. ఒక రోజు తరువాత సుమారు 34 శాతం. 31 రోజుల తరువాత 21 శాతం. మరపు మొదట అతివేగంగా, తరువాత మెల్లగా సాగుతుందన్నమాట.

మరపును ఆపే ఉపాయమేమి? సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ జరిపి 2006లో ప్రకటించిన ఒక ప్రయోగం దీనికి సమాధానం చెప్పింది. విద్యార్థులకు చిన్న గద్యభాగాలు ఇచ్చారు. ఒక వర్గంవారు దానిని నాలుగు విడతలు చదివారు. మరొక వర్గంవారు ఒక విడత మాత్రమే చదివి, మూడు విడతలు కాగితంపై గుర్తున్నంతవరకు వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షించగా నాలుగు విడతలు చదివినవారు 83 శాతం, వ్రాసినవారు 71 శాతం గుర్తుంచుకొన్నారు. వారం తరువాత ఫలితం తలక్రిందులైనది. చదివినవారికి మిగిలినది 40 శాతం. గుర్తుచేసుకొని వ్రాసినవారికి 61 శాతం. విశేషమేమనగా, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవారు నాలుగు విడతలు చదివినవారే.

ఈ ఫలితం ప్రతి తెలుగు ఇంటికీ వర్తిస్తుంది. మరల మరల చదివినపుడు వాక్యం సుపరిచితంగా తోస్తుంది. ఆ పరిచయాన్ని మనస్సు జ్ఞానమని పొరబడుతుంది. జాన్ డన్లోస్కీ, అతని సహచరులు 2013లో పది అధ్యయన పద్ధతులను సమీక్షించినపుడు స్వయంపరీక్షకు, వ్యవధి ఇచ్చి చదవడానికి అత్యున్నత స్థానమిచ్చారు. రంగుకలంతో గీతలు గీయడం, తిరిగి చదవడం అట్టడుగు వర్గంలో నిలిచాయి.

ఈ సూత్రం తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానంలో అవధాని ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకొంటూ నాలుగు ఆవృత్తులలో పద్యాలను పూర్తిచేస్తాడు. ఒక పాదానికీ మరొక పాదానికీ మధ్య ఎన్నో ఇతర విషయాలు, అప్రస్తుత ప్రసంగపు చిక్కులు. కాగితం చూచే వీలు లేదు. వ్యవధి తరువాత తిరిగి వచ్చి, వెనుకటి పాదాన్ని మనస్సు నుండి పైకి తీసి, ముందుకు సాగవలసినదే. చివర ధారణ. వ్యవధి, పునఃస్మరణ అని నేటి శాస్త్రం పేర్కొనే రెండూ అందులో ఇమిడి ఉన్నవి. వల్లెవేయడం దోషం కాదు. పుస్తకం చూస్తూ వల్లెవేయడమే దోషం, అర్థం విడిచి వల్లెవేయడం అంతకన్నా దోషం.

తెలుగు 'ట'కు ఆంగ్లంలో ప్రత్యామ్నాయం

రచన విషయానికి వస్తే, తెలుగు భాష తన బిడ్డలకు ఒక చక్కని సాధనమిచ్చింది. "వాన కురిసింది" అనేవాడు చూచి చెబుతున్నాడు. "వాన కురిసిందట" అనేవాడు విని చెబుతున్నాడు. ఒక్క 'ట' చేరగానే ఆ మాట బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. ఆంగ్ల క్రియకు అటువంటి ప్రత్యయం లేదు. అందుచేత శాస్త్రరచనలో ఆ పనిని రచయిత పేరు, సంవత్సరం చేస్తాయి. ఇతరుల నుండి గ్రహించిన ప్రతి వాక్యానికీ ఆ 'ట' తగిలించడమే ఆధారసూచన.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి రచనా నియమాలు 1929లో ఏడు పుటల వ్యాసంగా మొదలయ్యాయి. 2019లో వెలువడిన ఏడవ కూర్పు నాలుగు వందల పుటలు దాటింది. కామాలు, చుక్కలు ఎక్కడ ఉంచాలో చెప్పే శుష్కగ్రంథంగా అది కనిపించినా, దాని వెనుక నీతి ఉన్నది. ప్రయోగంలో పాల్గొన్నవారిని ప్రయోజ్యులనక 'పార్టిసిపెంట్లు' అనడం మేలని 1994 నాటి నాలుగవ కూర్పు సూచించింది. వ్యాధి పేరుతో మనిషిని పిలువక, ముందు మనిషిని, పిదప వ్యాధిని పేర్కొనే వాడుకకు కూడా అందులో స్థానమున్నది.

నిశ్చయానికీ మోతాదు ఉన్నది. ఒక్క ప్రయోగంతో సిద్ధాంతం 'ప్రూవ్' అయినదని మనస్తత్వశాస్త్రజ్ఞులు వ్రాయరు. ఫలితం సూచిస్తున్నది, సమర్థిస్తున్నది, కావచ్చును అని వ్రాస్తారు. ఇది పిరికితనం కాదు. సాక్ష్యం ఎంతో, మాట అంత. మరొక భేదమున్నది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఆంగ్ల పేరాలో ప్రధాన విషయం మొదటి వాక్యంలోనే రావాలి. అసలు మాటను చివరకు దాచుకొంటే పరీక్షకుడు అక్కడిదాకా రాకముందే దారి తప్పుతాడు.

ఇక సొంత మాటలలో వ్రాయడం. పై ప్రయోగాన్నే తీసుకొంటే, "ఒక విడత చదివి మూడు విడతలు వ్రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నది" అనే వాక్యంలో వారాన్ని ఏడు దినాలుగా, గుర్తును జ్ఞాపకంగా మార్చినంత మాత్రాన అది సొంత వాక్యం కాదు. చొక్కా మార్చిన పాత మనిషే. మూలాన్ని మూసివేసి, చిన్న చెల్లెలికి ఫోనులో వివరించినట్లు చెప్పి చూస్తే, "పుస్తకం మూసి గుర్తుచేసుకొనే శ్రమయే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తున్నట్లు రోడిగర్, కార్పికీల 2006 ప్రయోగం సూచిస్తున్నది" అని వస్తుంది. భావం వారిది, వాక్యం ఈమెది, పేరు వారికి దక్కింది. పుస్తకం మూసే అలవాటు ధారణకు ఎంత మేలో, నిజాయితీకీ అంతే మేలు.

మొహమాటం అనే అడ్డుగోడ

మొహమాటానికి సరియైన ఆంగ్లపదం దొరకదు. కాని తరగతిలో దాని ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. సెమినారులో పాల్గొనడానికి మార్కులున్నా తెలుగు విద్యార్థి మౌనంగా ఉంటాడు. ఆచార్యులు విద్యార్థులకోసం కేటాయించిన గంటలలో వారి గది తలుపు తట్టడు. గురువును ప్రశ్నించడం అవిధేయతగా తోస్తుంది. ఇక్కడ ఆ మౌనాన్ని వినయంగా ఎవరూ గ్రహించరు, చదవలేదని గ్రహిస్తారు. తరగతికి ముందే రెండు ప్రశ్నలు వ్రాసుకొని, వాటిలో ఒకటి మొదటి పదిహేను నిమిషాలలోపు అడగాలని నియమం పెట్టుకొంటే నెలరోజులలో గొంతు పెగులుతుంది. విశ్వవిద్యాలయాలు సాధారణంగా నడిపే రచనా సహాయ కేంద్రాలకు వెళ్ళడంలోనూ సిగ్గుపడవలసినది లేదు.

ఈ విద్యార్థులు చేతులు చాచి వచ్చినవారు మాత్రమే కాదు, ఇవ్వగలిగినదీ ఉన్నది. జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నోరెన్‌జాయన్ 2010లో ప్రకటించిన వ్యాసంలో, మనస్తత్వశాస్త్ర పరిశోధన అధికభాగం పాశ్చాత్య, విద్యావంత, సంపన్న సమాజాల మనుషులపైనే జరిగినదని, దానిని మానవజాతి అంతటికీ అన్వయించడం తొందరపాటని హెచ్చరించారు. మొహమాటమంటే ఏమిటో పుట్టుకతో ఎరిగినవారు ఆ కొరతను తీర్చగలవారిలో ఉన్నారు.

విశాఖపట్టణపు విద్యార్థినికి ఇవన్నీ ముందే తెలిసి ఉంటే ఆ పిలుపు వచ్చేది కాదు. వచ్చిన తరువాతనైనా తలుపు తట్టి, జరిగినది జరిగినట్లు చెప్పి, రచనా కేంద్రం దారి పట్టడమే ఆమె చేయవలసినది. ఇంటివారు చేయవలసినదీ ఒకటున్నది. వారాంతపు ఫోనులో "మార్కులెన్ని?" అని అడగడానికి ముందు "ఈ వారం ఏమి నేర్చుకొన్నావు, పుస్తకం చూడకుండా చెప్పమ్మా" అని అడగాలి. విన్నవారికి కొంత శాస్త్రం వస్తుంది. చెప్పినవారికి అది నిలుస్తుంది.