పనసజిగురు

చెల్లీ, నిన్న పనసకాయ కొడుతుంటే చేతులనిండా జిగురంటుకుంది. నూనె రాసి వదిలించుకుంటుంటే చిన్నమామయ్య గుర్తొచ్చాడు. నేను కళ్లతో చూడని మామయ్య. 1971 డిసెంబరు యుద్ధంలో పోయాడు. అప్పటికి అమ్మకింకా పెళ్లి కాలేదు.

జయపురంలో అమ్మమ్మ ఇంటి నడవలో ఆయన ఫోటో ఉండేది. యూనిఫాం, గంధపు దండ, ఫ్రేము అంచున అగరుపొగ మరక. "మామయ్య ఎలా ఉండేవాడమ్మా?" అంటే అమ్మ కళ్లతోనే నోరు మూయించేది. పెద్దావిడ ఏడుస్తుందని భయం. ఏటా ఆ తిథికి దండ మారేది, అంతే. ఆయన పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

తర్వాత 1999లో కార్గిల్ యుద్ధం. మేజర్ పద్మపాణి ఆచార్య గురించి నువ్వూ వినే ఉంటావు, ఆ యుద్ధం మీద తీసిన సినిమాలో నాగార్జున వేసింది ఆయన పాత్రే. మనం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం, వాళ్లు హైదరాబాదులో స్థిరపడ్డ ఒడియావాళ్లు. అందుకేనేమో అమ్మమ్మకి ఆ అబ్బాయి మరీ దగ్గరివాడిలా అనిపించాడు. జూన్ 21న ముప్పై నిండాయి. 28న ద్రాస్ ప్రాంతంలో, ఒంటినిండా గాయాలతో, రాజపుతానా రైఫిల్స్ జవాన్లను ముందుండి నడిపిస్తూ ప్రాణం విడిచాడు. మహావీరచక్ర ఇచ్చారు. ఇంటిదగ్గర భార్య కడుపుతో ఉంది.

చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశాడు. కోడలికి రోజుకో భారతకథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి బుద్ధులు అబ్బుతాయని. నేనా సంగతి పత్రికలో చదివి వినిపిస్తే అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"కథలు చెప్పమన్నాడా?" అంది చివరికి.

ఆ రాత్రి మొదలెట్టింది. మామయ్య పదేళ్లప్పుడు ఎవరికీ చెప్పకుండా పెరట్లో పనసపండు కోశాడట. జిగురు చేతులకే కాదు, జుట్టుకీ పట్టింది. వదలక ఏడుస్తుంటే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుందట. "ఒక చోట వదలనే లేదు, కత్తిరించేశాను" అంటూ చెవి పక్కన వేలుపెట్టి చూపించింది. నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఆమె ఏడ్చినందుకు ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు చెల్లీ. ఇన్నాళ్లూ మేం భయపడ్డది దానికేనా అనిపించింది.

పద్మపాణి కూతురు అపరాజిత తండ్రి పోయాకే పుట్టింది. పెద్దయ్యాక ఆయన మీద పుస్తకం రాసింది. ఇంట్లోవాళ్లు ఎన్ని ముచ్చట్లు చెబితే చూడని నాన్న గురించి ఆ పిల్ల అంత రాయగలిగిందో!

మీ ఇంట్లో గోడమీద అలాంటి ఫోటో ఉందా? ఈ ఆదివారం పిల్లల్ని దానికింద కూర్చోబెట్టుకో. ఆ ఫోటోలోని మనిషి ఏం తినేవాడో, దేనికి అలిగేవాడో చెప్పు. నీకు తెలియకపోతే, తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడుగు.