డబ్బు పంపేది కొడుకు, కొనేది పెద్దావిడ

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లోనూ పెద్ద పెద్ద మండువా లోగిళ్లలో ఇప్పుడు ఇద్దరే ఉంటున్నారు, కొన్నిట్లో ఒక్కరే. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికా. రాజోలు, నరసాపురం వైపైతే కువైట్, ఖతర్. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కాబట్టి ఈ తీరు ముందు ముందు పెరిగేదే. ఇంకోవైపు ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కొడుకు సెలవు పెట్టి తీసుకెళ్తే తప్ప టౌను మొహం చూడని మామ్మగారు ఇప్పుడు సంచి పట్టుకుని ఒక్కరే రాజమండ్రి మెయిన్ రోడ్డులో దిగుతున్నారు.

షాపులో, బ్యాంకులో, ల్యాబులో, లాడ్జిలో పనిచేసేవాళ్లకి దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. వస్తువు వాడేది ఒకరు, డబ్బు పంపేది ఇంకొకరు, ఫోన్లో అనుమానాలడిగేది మూడో మనిషి. వీళ్లలో మీరు ఎవరి మాట వినాలి? ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మాటే వినాలంటాను. మిగతావాళ్లు ఆయన తరవాతే.

చెప్పడం సులువే గానీ జరిగేది వేరు. డయాగ్నస్టిక్ సెంటర్లో తండ్రి కుర్చీలో కూర్చునుంటే, పక్కన నిలబడ్డ కొడుకుని “నాన్నగారికి సుగరుందాండీ? పొద్దున్నేమైనా తిన్నారా?” అని అడుగుతారు. తిన్నది ఆయన, సూది గుచ్చేది ఆయనకి, ప్రశ్న మాత్రం కొడుక్కి. ఆయన్నే అడగండి. జవాబు రావడానికి కాస్త ఆలస్యమైతే ఆగండి. కొడుక్కి కూడా చెప్పాలనిపిస్తే “అబ్బాయిగారికి కూడా చెప్పమంటారా?” అని ఆయన అనుమతి తీసుకుని చెప్పండి. ఇక పిలుపు సంగతి. అరవై రెండేళ్ల మనిషిని చూడగానే “తాతగారూ” అంటే ఆయన మొహం మాడ్చుకోవడం న్యాయమే. పేరు తెలిస్తే పేరుకి గారు చేర్చండి. తెలియకపోతే “ఏవండీ” చాలు. మాష్టారనో రాజుగారనో పిలవడం ఆ మనిషి ఎవరో తెలిశాకే.

వయసు మీద పడుతుంటే ముందుగా వినపడకుండా పోయేవి సన్నటి శబ్దాలు. మాట వినపడుతుంది, కానీ స, శ, త లాంటి అక్షరాలు చెదిరిపోయి అర్థం కాదు. గట్టిగా అరిస్తే అవి తిరిగి రావు, పక్కవాళ్లు వింటున్నారన్న సిగ్గు మాత్రం మిగులుతుంది. ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా, నిదానంగా చెప్పాలి. అంకెలైతే కాగితం మీద పెద్దగా రాసి చూపించాలి. కంటి సంగతీ అంతే. ఇరవై ఏళ్ల కంటి లోపలికి వెళ్లే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి దక్కేది దాదాపు మూడో వంతు. మీకు సరిపోయే ట్యూబులైటు కింద వాళ్లకి బిల్లు కనపడదు. కౌంటర్ మీద ఒక మంచి లైటు, దారానికి కట్టిన ఒక చదివే కళ్లజోడు పెట్టించండి.

మందుల షాపులో పనిచేసేవాళ్లతో కాస్త ఎక్కువ మాట్లాడాలి, అక్కడ పొరపాటు ప్రాణం మీదికొస్తుంది గనక. బీపీ బిళ్ల ఒక కంపెనీది అయిపోయిందని అదే మందు వేరే కంపెనీది ఇస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ విషయం ఒక్క మాట చెప్పకుండా సంచిలో పడేస్తారు. ఇంట్లో పాత షీటులో ఇంకా నాలుగు బిళ్లలుంటాయి. పేరు వేరు, రంగు వేరు, కాబట్టి రెండూ వేరు వేరు మందులనుకుని రెండూ వేసుకుంటారు. మర్నాడు పొద్దున్న మంచం దిగుతూ తూలిపడతారు. మందు మారిస్తే కొత్త షీటు మీదే “పాతదానికి బదులు ఇది, రెండూ వేసుకోవద్దు” అని మార్కరుతో రాయండి. పాత షీటు సంచిలో ఉంటే తీయించి పక్కన పెట్టి చూపించండి. ఐదు బిళ్లలే కావాలంటే షీటు కత్తిరిస్తాం కదా, మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క వాళ్లకి వెళ్లేలా కత్తిరించండి. రోజుకి రెండుసార్లు అని నోటితో చెప్పి వదలకుండా పొద్దున్న, రాత్రి, తిన్నాక అని తెలుగులో రాయండి. చదువు రాని మనిషైతే సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ. ఈ పనికి మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఆరున్నరకి డాక్టరు దగ్గర్నుంచి జనమంతా ఒక్కసారే వచ్చిపడే షాపులో రెండు నిమిషాలంటే ఎంతో నాకు తెలుసు. అందుకే నెలనెలా వచ్చేవాళ్ల మందుల చీటీ నకలు ఒక పుస్తకంలో ఉంచుకుని, ముందురోజు ఫోన్ చేసి, మధ్యాహ్నం మూడింటికి ఖాళీ వేళ రమ్మనండి.

బ్యాంకుల్లో నియమాలు ఉన్నాయి, తెలిసినవాళ్లే తక్కువ. పెద్దవాళ్లకి విడిగా కౌంటరో, ముందు వరుసో ఉండాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే చెప్పింది. 70 ఏళ్లు దాటినవాళ్ల ఇంటికే వెళ్లి నగదు తీసుకోవడం, ఇవ్వడం, కేవైసీ కాగితాలు, లైఫ్ సర్టిఫికెట్ తీసుకోవడం లాంటి సేవలకి గట్టిగా పూనుకోమని కూడా అందులోనే ఉంది. పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నవంబరులో “వేలిముద్ర పడట్లేదు, రేపు రండి” అన్న మాట మీ నోట రాకూడదు. కొబ్బరి ఒలిచి, నాట్లు వేసి అరిగిపోయిన వేళ్లకి రేపు మాత్రం ముద్ర ఎక్కడ్నుంచి వస్తుంది? జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్‌కి ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లో మొహం చూపిస్తే చాలు. 80 దాటినవాళ్లు అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వచ్చు, ఆ సంగతి సెప్టెంబరులోనే పాసుబుక్కు వెనక రాసి పంపండి. ఇంకొకటి. ఎప్పుడూ తొణకని పెద్దాయన హడావుడిగా వచ్చి, చెవి దగ్గర ఫోన్ దించకుండా ఎఫ్‌డీ మొత్తం రద్దు చేయమంటే సంతకం తీసుకోకండి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఫోన్లో ఎవరున్నారో అడగండి. వీడియో కాల్లో అరెస్టు చేసే పోలీసులు ఈ దేశంలో లేరని చెప్పండి. డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించండి. అయితే ఆయన ఖాతాలో ఎంతుందో కూతురడిగినా కొడుకడిగినా చెప్పే హక్కు మీకు లేదు, వాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే.

గోదావరి డెల్టాలో పెద్దవాళ్ల దగ్గరున్న అసలు ఆస్తి భూమి. అందుకే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసేవాళ్ల మీద ఉన్నంత బరువు ఇంకెవరి మీదా లేదు. మాగాణి పిల్లల పేర రాసిచ్చే పెద్దవాళ్లందరూ తిండి పెడతారన్న నమ్మకంతోనే రాస్తారు. కానీ ఆ మాట కాగితం మీదికి రాదు, “మా అబ్బాయి మీద అపనమ్మకమా?” అని మొహమాటం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. పోషించాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషించకపోతే ట్రైబ్యునల్ ద్వారా రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టం పెద్దల మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చూడాలంటూ ఒక తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. కోర్టుల దాకా వెళ్లే ఓపిక ఎనభై ఏళ్ల మనిషికి ఎక్కడిది? షరతు మీరే రాయండి. మామూలుగా అందరికీ రాసే వాక్యమే అని చెబితే కొడుక్కీ చిన్నతనం ఉండదు. రాశాక పిల్లల్ని టీ తాగి రమ్మని పంపి, దస్తావేజు మొదటి నుంచి చివరి దాకా ఆ పెద్దమనిషికి ఒక్కరికే చదివి వినిపించండి.

దూరాన ఉన్న పిల్లలు కూడా కంగారు పడుతుంటారు, వాళ్లనీ పట్టించుకోవాలి. ఏదైనా పెద్ద ఖర్చు ఉంటే అంచనా కాగితం ఫొటో తీసి, పెద్దవాళ్లు సరేనంటే, వాట్సాప్‌లో పెట్టండి. ఫోన్లో మాట్లాడాలంటే మనకి సాయంత్రం ఏడు అయితే కువైట్‌లో నాలుగున్నర, న్యూయార్క్ వైపు పొద్దున్న తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. పగలు పదకొండింటికి “మీ అబ్బాయికి చేయండి” అంటే న్యూయార్క్‌లో అర్ధరాత్రి. నీళ్ల ఫిల్టరో ఏసీనో బాగుచేయడానికి ఒంటరి ఇంటికి వెళ్లే కుర్రాళ్లు గడప బయటే పేరు చెప్పి, గుర్తింపు కార్డు చూపించి, విప్పకముందే ఎంతవుతుందో చెప్పాలి. తీసిన పాత పార్టు ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి.

ఇవన్నీ చేస్తుంటే “గంటకి ఎంతమందిని పంపావు?” అని ఓనరుగారు అడుగుతారు. నీతులు చెబితే ఆయన వినరు, లెక్క చూపించండి. నెల రోజులు ఒక పుస్తకంలో, పేరు తీసుకుని సాయం చేసినవాళ్లలో ఎవరెవరు మళ్లీ వచ్చారో, ఎవర్ని వెంటబెట్టుకొచ్చారో రాయండి. పెళ్లి బట్టల షాపులో కింది అంతస్తులో కుర్చీ వేసి కూర్చోబెట్టిన నాయనమ్మ మాట మీదే మొత్తం కొనుగోలు ఆధారపడి ఉంటుందని ఆయనకీ తెలుసు. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్‌మార్కెట్ల సంస్థ 2019లో, తొందర లేనివాళ్లు కబుర్లు చెప్పుకుంటూ బిల్లు కట్టేందుకు ఒక కౌంటర్ విడిగా పెట్టింది. తరవాత దాన్ని రెండు వందల షాపులకి పెంచుతామని ప్రకటించింది. మన కిరాణా కొట్టు అరుగు మీద ఊరికే జరిగేదాన్ని వాళ్లు పథకం వేసి పెట్టుకున్నారు. మనవాళ్లు బార్‌కోడ్ మిషన్ కొన్న మర్నాడే అరుగు తీసేశారు.

రాజమండ్రిలో లాడ్జీలు, హోటళ్లు, ఆటోలు నడిపేవాళ్లకి గడువు దగ్గరపడింది. గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 దాకా. 2015 పుష్కరాల మొదటి రోజు పుష్కర ఘాట్ తొక్కిసలాట ఇక్కడెవరూ మరిచిపోలేదు. ఈసారి వచ్చేవాళ్లలోనూ పెద్దవాళ్లే ఎక్కువుంటారు. కింది అంతస్తు గదులు వాళ్లకే ఉంచండి, కుర్రకారు మేడెక్కుతారు. బాత్‌రూముల్లో పట్టుకునే కడ్డీ, కనీసం కొన్ని గదుల్లో వెస్ట్రన్ కమోడ్ ఇప్పుడే పెట్టించండి, అప్పటికి మేస్త్రీలు దొరకరు. గది ఇచ్చేటప్పుడు ప్రతి పెద్దమనిషి జేబులోనో కొంగు ముడిలోనో ఒక చీటీ పెట్టండి. లాడ్జి పేరు, దగ్గరున్న ఘాట్ పేరు, వెంట వచ్చినవాళ్ల ఫోన్ నంబరు తెలుగులో ఒక పక్క, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లైతే రెండో పక్క వాళ్ల భాషలో. తడిసినా చెరగని పెన్నుతో రాయండి, స్నానానికి వెళ్తున్నారు కదా.