చిన్న బడి ప్రవేశపట్టికను చదువు విధము

ప్రాథమిక పాఠశాలలోని ప్రవేశపట్టిక వట్టి పేళ్ల జాబితా యని పలువురు తలంతురు. దానిని చదువ నేర్చినవారికి ఊరివారి కూలి, వలస, కలిమిలేములు అందు కానవచ్చును. ముందుముందు ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశింపగోరు పై తరగతుల విద్యార్థులకై ఆ విధమును కొంత తెలుపుచున్నాము.

చిన్న బడిలో శాతములు మిక్కిలి మోసగించును. ఇరువదిమంది గల బడినుండి ఒక యింటి బిడ్డలిద్దరు వెడలిపోయినచో పట్టిక నూటికి పది తగ్గినట్లు చూపును. ఇన్నూరుమంది గల బడిలో అదియే నూటికొకటి. కావున ఇట్టిచోట శాతము నడుగక, పోయిన బిడ్డ యెవరు, ఎక్కడికి పోయెనని యడుగవలెను.

అయినను ఈ ఒకరిద్దరి లెక్కయే ఉపాధ్యాయుల సంఖ్యను నిర్ణయించును. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని యనుబంధము ప్రకారము ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులును, 61 మొదలు 90 వరకు ముగ్గురును ఉండవలెను. ఇద్దరే యున్నచోట ఒక్కొక్కరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఒక తరగతికి లెక్క యిచ్చి మరియొక తరగతికి పాఠము చెప్పుదురు. అరువదియొకటవ బిడ్డ విలువ ఎంతటిదో ఆ గదిలో నిలిచినవారికే తెలియును.

వయస్సు గడిలో జూన్ 1 మాటిమాటికి కనబడినచో ఆ దినమున ఊరిలో అంతమంది పుట్టిరని భ్రమపడరాదు. పుట్టిన తేదీ తెలియని బిడ్డలకు బడి తెరచు నెలయే జన్మమాసమగుట కలదు! వయస్సునకు ఋజువు లేదని ఏ బిడ్డను త్రోసిపుచ్చరాదని పై చట్టమే చెప్పుచున్నది.

పేరుండుట వేరు, బిడ్డ యుండుట వేరు. కర్నూలు జిల్లా పడమటి భాగమునుండి కూలివారు మిరపకోతకై గుంటూరు ప్రాంతమునకు పోవుట అందరెరిగినదే. జూలైలో నిండుగ నున్న బడి సంక్రాంతి దాటగనే పలుచబడును. అందుచే ప్రవేశపట్టిక ప్రక్కన హాజరుపట్టీ నుంచుకొని నెలనెలకును చూడవలెను. పేరు కొట్టివేసినచో తిరిగివచ్చిన బిడ్డకు చిక్కు; ఊరక యుంచినచో లెక్క యబద్ధము. పేరు నుంచి, పోయిన యూరును తిరిగివచ్చు నెలను ప్రక్కన వ్రాయుటయే మేలని మాకు తోచుచున్నది.

పట్టిక తగ్గినదనగానే ఉపాధ్యాయులను నిందించుట వాడుకయైనది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము స్త్రీ కొకరికి సగటున ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8 బిడ్డలు మాత్రమే. జనసంఖ్య నిలుకడగ నుండుటకు 2.1 కావలెను. అనగా బడియీడు పిల్లలే తగ్గుచున్నారు. కాబట్టి ఊరిలోని ఆరు మొదలు పదియేండ్ల బిడ్డలను ఇంటింట లెక్కించి, ఆ సంఖ్యతో పట్టికను సరిపోల్చవలెను. ఊర 40 మంది యుండగా బడిలో 36 మంది యున్నచో అది ఎంత చిన్నదైనను బిడ్డలను పోగొట్టుకొనని బడి. నూరుమందికి 36 యైనచో, మిగిలిన 64 మందిలో ప్రైవేటు బడి బస్సు నెక్కువారెవరు, పశువుల వెంట పోవువారెవరు, ఇంట చంటిబిడ్డ నెత్తుకొని కూర్చుండువారెవరు అని వేరువేరుగ వ్రాయవలెను.

బాలబాలికల లెక్కయు ఇట్లే. కొన్ని యిండ్లలో కుమారుని రుసుము చెల్లించి పట్టణపు బడికి, కుమార్తెను ఊరిబడికి పంపుదురు. ఊరిబడిలో బాలికలు హెచ్చుగ నుండుట చూచి సంతసించుటకు ముందు, వారి యన్నదమ్ములెక్కడ చదువుచున్నారో కనుగొనవలెను.