ఇనుపమందుకు లొంగని రక్తహీనత

మన రామయ్యపట్నములో గాని బరంపురములో గాని పసిబిడ్డ పాలిపోయినచో పెద్దలు మొదట తల్లి తిండిని తప్పుపట్టుదురు. పిదప ఇనుపధాతువుగల మందు పోయింతురు. పెక్కుమందికి అది గుణమిచ్చును. కాని మిక్కిలి అరుదుగా, లక్షమందిలో ఒక్కరికైనను రాని రక్తహీనత యొకటి కలదు. అది తరచుగా తొలియేడాదిలోనే కనిపించును. ఇనుము దానికి మందు కాదు. 1938లో బోస్టను నగరమున డైమండు, బ్లాక్‌ఫాను అను వైద్యులు దానిని వర్ణించిరి. ఆ యేట మన యెల్లాప్రగడ సుబ్బారావుగారును ఆ నగరముననే హార్వర్డు వైద్య కళాశాలలో పరిశోధన చేయుచుండిరి. 1945లో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఆ విటమిను కొరవడినపుడును, ఈ వ్యాధిలోను ఎర్రకణములు పెద్దవిగా కనబడును. అచ్చట లోపించినది ఆహారము. ఇచ్చట చెడినది జన్యువు.

జీవకణములలో మాంసకృత్తులను కూర్చు సూక్ష్మయంత్రములకు రైబోసోములని పేరు. ఒక్కొక్కదానిలో సుమారు 80 మాంసకృత్తులుండును. వానిలో ఒకదాని జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినను రైబోసోములు కొరవడును. 1999లో ఇట్టి జన్యువులలో మొదటిదైన ఆర్.పి.ఎస్.19 గుర్తింపబడినది.

మరి తెల్లకణములకు సాధారణముగా లేని కష్టము ఎర్రకణములకే యేల? నిత్యము నలుగురికి వండు పొయ్యి పెండ్లివిందుకు చాలునా? పెద్దవారి మూలుగలో సెకనుకు ఇరువది లక్షల ఎర్రకణములు తయారగును. ఒక్కొక్కదానిలో కోట్లకొలది హీమోగ్లోబిను అణువులు నిండవలెను. రైబోసోములు తగ్గినపుడు గాటా-1 అను మాంసకృత్తి సరిపడ తయారు కాదు. అది లేనిదే లేతకణము ఎర్రకణముగా మారదు. పైగా, రైబోసోములో ఇమడక మిగిలిన మాంసకృత్తుల వలన పి-53 అను కాపలాదారు మేల్కొని ఆ కణమునే చంపును.

సుమారు సగముమంది పిల్లలలో ఈ దోషము తలిదండ్రులనుండి రాక, కొత్తగా పుట్టినదే. గ్రహణమునాడు గర్భిణి యేమి చేసినదని విచారించుట వ్యర్థము.

స్టెరాయిడు మందు చాలమందికి మొదట పనిచేయును. తక్కినవారికి రక్తమెక్కింపవలెను. ఆ రక్తములోని ఇనుము గుండెలోను కాలేయములోను పేరుకొనును. దానిని వెలికితీయుటకు వేరు మందులు కావలెను. అట్టి బిడ్డకు ఇంకను ఇనుపటానిక్కు పోయుట యెంత హాని! తోబుట్టువు మూలుగ సరిపోయి, అతనికి అదే దోషము లేనిచో, మూలుగమార్పిడిచే రక్తహీనత తొలగవచ్చును.

ఒడిషాలో కొడవలికణ వ్యాధి, తలసీమియా ఇంతకంటె ఎంతో హెచ్చు గనుక వైద్యుడు ముందు వానిని చూచును. ఆరునెలలలోపు శిశువు పాలిపోయినచో ఇంట మందు పోసి వేచియుండక బరంపురము వైద్యకళాశాల ఆసుపత్రికి గొనిపొండు. లేత ఎర్రకణముల లెక్క తీయుడని అడుగుడు. అది బహు తక్కువగాను, తెల్లకణములు సరిగాను ఉన్నచో మూలుగ పరీక్ష తరువాతి మెట్టు.